నేర్చుకొనువాని హక్కు

నేర్చినవానిని గౌరవించుట లోకమునకు క్రొత్తగాదు. గాయకుడు సభలో చక్కగా పాడినపుడు తల లూపుదుము. వైద్యుడు రోగము కుదిర్చినపుడు చేతులు జోడింతుము. ఇల్లాలు వండిన పులుసు రుచిగా నున్నపుడు, నోరు విప్పి చెప్పకపోయినను, మరియొక గరిటె వేయించుకొందుము. కాని ఆ గాయకునికి శ్రుతి తప్పిన దినములును, ఆ వైద్యునికి చేయి వణకిన దినములును, ఆ యిల్లాలికి పులుసులో ఉప్పు మించిన దినములును కొన్ని యుండియే తీరును. ఆ దినములలో వారిప్రక్క నెవరు నిలిచిరి? ఎవరు నవ్విరి? ఎవరు తిట్టిరి? నేర్పును గూర్చి మనకు కావలసినన్ని నీతివాక్యములు గలవు. నేర్పు రాకముందున్న స్థితిని గూర్చి మన మాలోచించుట మిక్కిలి తక్కువ. నేర్చుకొనువానికి తప్పిపోవు హక్కు కలదా? కలదేని అది మన యిండ్లలో అందరికిని సమముగా పంచబడియున్నదా? ఈ ప్రశ్నను మే మిచ్చట విచారింపదలచితిమి.

ఇట్టి ప్రశ్నను గాలిలో విచారించిన గాలిమాటలే మిగులును. కావున ఇంట రొట్టె కాల్చ నేర్చుకొనుటను ఉదాహరణముగా గైకొనుచున్నాము. రొట్టె యనగా నిచ్చట జొన్నరొట్టెయు గాదు, దిబ్బరొట్టెయు గాదు. అంగడిలో డబల్‌రొట్టె యనియు బ్రెడ్డనియు పిలువబడు పొంగిన గోధుమరొట్టె. దీనినే యేల యెన్నుకొంటిమనగా, అన్నము వార్చుటయు దోసె తిప్పుటయు మన బిడ్డలు పుట్టినది మొదలు చూచుచునే యుందురు. అందుచేత ఆడుపిల్లకు అవి యెవ్వరును నేర్పకయే వచ్చునని తలంతుము. డబల్‌రొట్టె యట్లుగాదు. మనలో పెక్కుమందికి దానిని కాల్చు విద్య తాతమ్మలనుండి సంక్రమించినది కాదు. దానిముందర తండ్రియు తల్లియు, కొడుకును కోడలును సమానముగా ఎరుగనివారే. నేర్చుకొనువాని స్థితి దాచుటకు వీలులేక బయటపడు చోటు అది.

ఈ రొట్టె మన దేశమున తిరుగాడుటకు పట్టిన కాలము తక్కువదిగాదు. పశ్చిమతీరమున దీనిని పావు అని పిలుచుట పోర్చుగీసువారి మాటనుండి వచ్చినది. అన్యులు పిసికిన పిండి, అన్యులు కాల్చిన తిండి యనుటచేత ఆచారవంతుల యిండ్లకు ఇది చిరకాలము దూరముగానే నిలిచినది. 1846లో రాజనారాయణ బసు బ్రహ్మసమాజమున చేరినపుడు, కులభేదమును పాటింపమని చూపుటకై బిస్కత్తులు తెప్పించి తినుట ఒక గురుతుగా నుండెను. 1890లో పూనాలో క్రైస్తవ మిషనువారి యింట తేనీటి విందునకు పోయినందులకు రానడే, తిలక్ వంటివారికి సయితము విచారణయు ప్రాయశ్చిత్తపు మాటయు తప్పలేదు. అట్టి దేశమున నేడు జ్వరము వచ్చిన బిడ్డకు మొదట పెట్టునది పాలలో నానిన రొట్టెముక్కయే. ఆచారమును ఓడించుటకు వాదములకంటె అలవాటే యెక్కువ పనిచేసినది. అయినను కొనితెచ్చుటయే గాని ఇంట కాల్చుట మాత్రము ఇటీవలిది. 2020 మార్చి 25వ తేదీన దేశమెల్ల తలుపులు మూసికొని కూర్చుండవలసి వచ్చినపుడు, ఎన్నడును వంటయింటి గడప దాటని పురుషులు సయితము పిండి కలిపి చూచిరి. వారిలో కొందరు మానివేసిరి. కొందరు నేటికిని కాల్చుచున్నారు.

ఆ పనిలో ఏమున్నదో కొంచెము వివరముగా చూతము. అరకిలో పిండికి మూడువందల గ్రాములు మొదలు మూడువందల ఇరువదియైదు గ్రాములవరకు నీరు, పది గ్రాముల ఉప్పు, అయిదు గ్రాముల పొడి ఈస్టు. వస్తువు లింతే. గోధుమపిండిలో గ్లూటెన్ అను జిగురు పుట్టించు మాంసకృత్తులు గలవు. నీరు తగిలి, చేతితో పదినిముషములు మర్దించగా ఆ జిగురు పొరలు పొరలుగా సాగును. బియ్యపుపిండికిని జొన్నపిండికిని ఈ గుణము లేదు. కనుకనే జొన్నపిండిని వేడినీటితో కలిపి, చేతితో తట్టి, అప్పటికప్పుడు పెనముపై వేయుదురు. ఈస్టు కంటి కగపడని యొక జీవి. అది పిండిలోని చక్కెరను తిని వాయువును విడుచును. ఆ వాయువు జిగురుపొరలలో చిక్కుకొని ముద్దను ఉబ్బించును. పులియుట జీవులు చేయు పనియని లూయీ పాశ్చరు 1857 మొదలుకొని తన పరిశోధనలచేత నిరూపించెను. అంతకు వేలయేండ్లకు పూర్వమే ఐగుప్తుదేశపు వంటవారు పొంగిన రొట్టెను కాల్చుచుండిరి. కారణము తెలియకుండనే కార్యము తెలిసినవా రుందురనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

మర్దించిన ముద్దను మూతవేసి యుంచిన అది రెండింతలగును. దానిని మెల్లగా అణచి, ఆకారము దిద్ది, అచ్చులో వేసి, మరల పొంగనిచ్చి, రెండువందలు మొదలు రెండువందల ఇరువది డిగ్రీల వేడిలో అరగంటకు పైగా కాల్చవలెను. కాలిన రొట్టెను తలక్రిందు చేసి అడుగున వ్రేలితో తట్టిన డొల్లధ్వని రావలెను. రొట్టె చల్లారునంతవరకు కోయరాదు. వేడిమీద కోసిన లోపల బంకవలె నుండును.

చదువుటకు ఇది సులభము. చేయబోవువానికి ప్రతి మెట్టునను ఒక గొయ్యి యున్నది. నీరు మిక్కిలి వేడిగా నున్న ఈస్టు చచ్చును. అరువది డిగ్రీల వేడిని అది భరింపలేదు. చాలినంత పొంగకమునుపే కాల్చిన రొట్టె ఇటుకవలె దిగును. మితిమీరి పొంగనిచ్చిన జిగురు తెగి, పొయ్యిలో కూలబడి, పుల్లవాసన కొట్టును. ఉప్పు మరచిన రుచియు పోవును, పొంగు పట్టుదప్పి పరుగెత్తును. వీనిలో చాలభాగము ముందుగా చెప్పినను తెలియవు. చేసి చూచిన తరువాతనే తెలియును. పుస్తకము "రెండింత లగువరకు, సుమారు గంటన్నర" యని చెప్పును. ఆ పుస్తకము ఇంగ్లండు చలిలో వ్రాయబడినది. విజయవాడలో వైశాఖమాసపు మధ్యాహ్నమున అదే ముద్ద ముప్పావుగంటకే పాత్ర అంచు దాటును. గడియారమును నమ్మినవాడు చెడును. ముద్దను చూచినవాడు బ్రదుకును. ముద్దను చూచుట యనగా నేమి? తడిచేతి వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడిన ఇంకను కాలము కావలెను. మెల్లమెల్లగా సగము పూడిన సిద్ధమైనది. పూడకయే యుండిన కాలము మించినది. ఈ "మెల్లమెల్లగా" అను మాట యొక్క అర్థము ఏ నిఘంటువును చెప్పజాలదు. నాలుగైదు ముద్దలను నొక్కి చూచిన వ్రేలే చెప్పవలెను.

ఇక్కడ తత్త్వవేత్తల మాట కొంత యుపకరించును. ఏ పనిని నేర్చి చేయవలెనో ఆ పనిని చేసియే నేర్తుమనియు, ఇల్లు కట్టుచు కట్టుచు కట్టడపువా డగుననియు అరిస్టాటిలు తన నీతిశాస్త్రమున చెప్పెను. ఇట్టిదని యెరుగుట వేరు, ఇట్లు చేయనెరుగుట వేరు, రెండవది మొదటిదాని నీడ కాదని గిల్బర్టు రైలు అను ఆంగ్ల తత్త్వజ్ఞుడు 1949లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వాదించెను. ఇది నిజమైనచో దానినుండి ఒక నీతి విధిగా వెలువడును. చేసియే నేర్వవలసినదానిని నేర్చువాడు, చేతగాకముందే చేయవలసియున్నది. చేతగాకముందు చేసినది చెడిపోవును. కావున చెడగొట్టుట నేర్చుట కడ్డువచ్చు విఘ్నముకాదు. నేర్చుటలో నొక భాగము. నేర్వుమని ఆజ్ఞాపించి చెడగొట్టవలదని శాసించువాడు, నీటిలో దిగకయే యీదుమని చెప్పువాడు.

ఇంతవరకు ఒప్పుకొననివా రుండరు. ఇక మన యిండ్లలోనికి పోయి చూతము. ఇంటి యజమానుడు ఆదివారమున రొట్టె కాల్చబూనును. రొట్టె ఇటుకవలె దిగును. ఇంటిల్లిపాదియు నవ్వుదురు; అతడును నవ్వును. ఆ ముక్క ప్రక్కయింటివారికి వింతగా చూపబడును. "మొదటిసారి కదా, ఈమాత్రము వచ్చినది చాలు" నని తల్లి వెన్ను తట్టును. మరుసటి ఆదివారము మరల ప్రయత్నము. మంచిదే, నేర్చుకొనువాని కిట్లే జరుగవలెను. అదే యింటికి క్రొత్తగా వచ్చిన కోడలు, పుట్టింట చదువులోను ఉద్యోగపు పరీక్షలలోను మునిగి పొయ్యి ముట్టని పిల్ల, మొదటివారమున చారు పలుచన చేసిన, లేదా అన్నము మెతుకు విరియక దించిన ఏమి జరుగును? ఆ మాట చారుతో ఆగదు. "మీ అమ్మ ఇదేనా నేర్పినది?" అను ప్రశ్న పుట్టును. ఒక పాత్రలోని చారు ఒక వంశముయొక్క గుణదోషములకు సాక్ష్యమగును. మగవాని ఇటుక వినోదము. ఆడుదాని మెతుకు నేరము. తప్పు ఒక్కటే, వస్తువు ఒక్కటే, పొయ్యియు ఒక్కటే. వేరైన దేమి? ఒకరు నేర్చుకొనువారుగా నొప్పుకొనబడిరి. ఒకరు పుట్టుకతోనే నేర్చినవారుగా నెంచబడిరి.

ఈ భేదము పురాణకాలమునుండియు మన మాటలలోనే యున్నది. శ్రేష్ఠమైన వంటను నలభీమపాక మందుము. నలుడు రాజు, భీముడు విరాటుని కొలువున వలలుడై వండినది ఒక్క సంవత్సరము. ఆ యిరువురి పేరు వంటకు శాశ్వతముగా నిలిచినది. నిత్యమును వండినవారి పేరు ఏ పాకమునకును లేదు. ఇది పూర్వకాలపు మాట యని తోసివేయుటకు వీలులేదు. 2019లో భారతప్రభుత్వము జనుల దినచర్యను లెక్కించినపుడు, ఆరేండ్లు దాటిన స్త్రీలలో నూటికి ఎనుబదియొక్కరికి పైగా జీతములేని యింటిపని చేయుచుండగా, పురుషులలో ఇరువదియారుగురు మాత్రమే చేయుచున్నట్లు తేలినది. చేయువారిలోను స్త్రీలు దినమునకు సగటున 299 నిముషములు, పురుషులు 97 నిముషములు వెచ్చించుచుండిరి. అయిదు గంటల పని యెవరిదో వారికి తప్పునకు మన్నన లేదు. గంటన్నర పని యెవరిదో వారికి తప్పునకు చప్పట్లు. దీనిని న్యాయమని యే శాస్త్రము చెప్పగలదు?

మరియొక సంగతి గలదు. రొట్టె కాల్చ నేర్చిన పురుషుడు పులియబెట్టుట యెంత సూక్ష్మమైన విద్యయో గ్రహించి ఆశ్చర్యపడును. ఆ విద్య అతని యింటనే, మూతవేసిన గిన్నెలో, రాత్రికి రాత్రి జరుగుచున్నది. ఇడ్లీపిండిని పొంగించునది మినపపప్పునందే యుండు సూక్ష్మజీవులు. ఆ పొంగును పట్టి నిలుపునది మినుములోని జిగట. గోధుమకు గ్లూటెన్ చేయు పని మనకు మినుము చేయుచున్నది. మాఘమాసపు చలిలో గిన్నెను పొయ్యిగట్టు ప్రక్కకు జరుపుట, ఎండకాలమున రుబ్బుటను ప్రొద్దుపోయినదాక నిలుపుట, ఉప్పు ఎప్పుడు వేయవలెనో యెరుగుట, మూత తీయగనే వాసననుబట్టి "ఇది దోసెలకే" యని తీర్పుచెప్పుట: ఇవన్నియు ఆ వ్రేలి గుంటవంటి జ్ఞానములే. దిబ్బరొట్టె వేయు ముసలమ్మ దళసరి మూకుటిక్రింద సెగ తగ్గించి, మూతపై నిప్పులు పరచి, పైనను క్రిందను సమముగా కాల్చుచుండెను. నేటి కరెంటు ఓవెను చేయుపనియు అదియే. ఆమెను విదుషి యని యెవ్వరును అనలేదు, ఆమెయు అనుకొనలేదు. క్రొత్తరొట్టెయొద్ద శిష్యు డైనవాడు పాతపిండియొద్ద గురువు నెరుగకపోయిన, అతడు రొట్టె నేర్చెను గాని విద్య నేర్వలేదు.

అట్లని గురువుల తప్పు లేదని మేము చెప్పము. చేయనేర్చుట యొకటి, చేయింపనేర్చుట మరియొకటి. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాసు, హరదత్తుడను ఇరువురు నాట్యాచార్యులు ఎవరు గొప్పయని కలహించినపుడు, పరివ్రాజిక ఈ భేదమునే యెత్తిచూపి, తాను నేర్చియుండుటయు నితరులకు అందించుటయు రెండును గలవానికే ఆచార్యులలో మొదటిస్థాన మిచ్చును. మన యిండ్లలో నేర్చిన చేతులు కొల్లలు. అందించు నోళ్లు తక్కువ. "ఎంత ఉప్పు?" అని యడిగిన "తగినంత" అను జవాబు వచ్చును. "ఎందు కిట్లయినది?" అని యడిగిన "నీకు శ్రద్ధ లేదు" అని వచ్చును. మొదటి జవాబు కొలతను దాచుచున్నది. రెండవది కారణమును దాచుచున్నది.

రొట్టె మనకు నేర్పు ముఖ్యమైన పాఠ మిచ్చట నున్నది. చెడిన రొట్టెను కోసి చూచిన కారణము దానిలోనే వ్రాయబడియుండును. కన్నములు లేక గట్టిగా నున్న పొంగు చాలలేదు. పైన పెద్ద డొల్లయు క్రింద ముద్దయు నున్న పొంగు మించినది. అంచు మాడి నడుమ పచ్చిగా నున్న వేడి యెక్కువై కాలము తక్కువైనది. అట్లు కోసి చూచువా డడుగునది "ఎందుచేత?" అని, "ఎవరు?" అని గాదు. ఒకరి పని చెడినపుడు దాని మూలము మూడింటిలో నొకటి కావచ్చును: తెలియమి, పొరపాటు, అలక్ష్యము. తెలియమికి మందు బోధ. పొరపాటునకు మందు ఓర్పు. అలక్ష్యమునకు మాత్రమే మందలింపు. మనము మూడింటికిని మూడవదాని మందునే వాడుచున్నాము. తెలియనివానిని మందలించిన వానికి తెలివి రాదు, భయము వచ్చును. భయపడినవాడు చెడిన ముక్కను దాచును. దాచిన ముక్కనుండి యెవ్వరును ఏమియు నేర్వరు. పాఠశాలలో ఎర్రసిరా చూచి లెక్కలపుస్తకమును సంచి యడుగున దాచు బాలుని మేమెన్నో యేండ్లుగా చూచుచున్నాము. వానికి లోపించినది బుద్ధికాదు, తప్పును బల్లపై పెట్టి "ఇది యెక్కడ దారితప్పినది?" అని యడుగుటకు ధైర్యము. ఆ ధైర్యమును పెద్దలే తీసికొనిరి గనుక పెద్దలే తిరిగి యీయవలెను.

దీనికి రెండు ఆక్షేపణలు గలవు. మొదటిది: అన్నము పరబ్రహ్మస్వరూప మనబడిన దేశమున, తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపరాదని విధించిన దేశమున, నేర్చుకొనుటకై పిండిని పాడుచేయుట పాపము కాదా? ఆక్షేపణ గౌరవింపదగినదే. కాని చెడిన రొట్టె పారవేయబడనక్కరలేదు. ఎండిన రొట్టెను ముక్కలుచేసి పోపు వేసిన ఉప్మా యగును. పొడిచేసిన కట్లెట్టులకు పూత యగును. నేతిలో వేయించి, పాకములోను పాలలోను నాన్చి, యాలకులు చల్లిన హైదరాబాదువారి డబల్ కా మీఠా యగును. పొదుపెరిగిన ఇల్లు నేర్చుకొనువానిని భరింపగలదు. మొదట అరకిలోకు బదులు పావుకిలో కలిపిన నష్టము సగమగును.

అయినను నిజమును దాచరాదు. పావుకిలో పిండియు ఎన్నవలసిన యిండ్లు గలవు. అక్కడ తప్పిపోవు హక్కునకు వెల యున్నది. ఆ వెల యీయలేనివాని కొడుకు కొలిమియొద్దగాని మగ్గమునొద్దగాని పని నేర్చినపుడు, చెడిన ప్రతి వస్తువును వాని కూలిలో కోతయై వచ్చును. ఇట్టి పిల్లలకు ఆ నష్టమును భరింపవలసినది సంఘము. పాఠశాలయనగా, మా యభిప్రాయమున, పిల్లలు చెడగొట్టుటకు సంఘము ముందుగానే వెల చెల్లించిన స్థలము. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని మూలముగా విద్య గరపవలెనని చెప్పినది గొప్పమాట. ఆ చేతిపని ఆదాయముచేతనే పాఠశాల నడువవలెనన్న భాగముతో మాత్రము మా మనస్సు సమాధానపడదు. అమ్ముడుపోవలసిన నూలును వడకు బాలునకు దారము తెంచుకొను స్వేచ్ఛ యెక్కడిది?

రెండవ ఆక్షేపణ: మన్నన యెక్కువైన సోమరితనము ప్రబలదా? ప్రబలును, హక్కుతోపాటు ధర్మమును చెప్పకపోయినచో. నేర్చుకొనువానికి నాలుగు ధర్మములు గలవు. కొలిచి వేయవలెను, కొలతను వ్రాసికొనవలెను. చెడినపుడు ఒక్క విషయమునే మార్చి మరల చేయవలెను. నీరును, కాలమును, వేడిని ఒక్కసారిగా మార్చినవానికి ఏది కారణమో యెన్నటికిని తెలియదు. తాను చెడగొట్టినదానిలో మొదటి ముక్క తానే తినవలెను. పిండి యెండి పట్టిన పాత్రలను తానే తోమవలెను. కడపటిది చిన్నదిగా తోచును గాని, ఆదివారపు వంటవారిని నిత్యపు వంటవారినుండి వేరుచేయునది అదియే. రొట్టె తనదని చెప్పుకొని పాత్రను భార్యకు వదలువాడు నేర్చుకొనువాడు కాడు; ఆడుకొనువాడు. ఈ నాలుగును జరపువానిని సోమరి యనుట సాధ్యముకాదు; వానికి మన్నన నిచ్చిన నష్టమును లేదు.

మన సంస్కారోద్యమములు స్త్రీకి చదువుకొను హక్కును అడిగినవి, వివాహమున తన మాట చెల్లించుకొను హక్కును అడిగినవి. కొంత లభించినది, కొంత లభింపవలసియున్నది. వానిప్రక్కన నేర్చుకొనువాని హక్కు అల్పమని తోపవచ్చును. కాని చట్టములు ప్రవేశింపజాలని వంటయింట, దినమునకు మూడుమారులు, మనుష్యుని గౌరవము తూచబడుచున్నది. అచ్చట త్రాసును సరిచేయువారు శాసనసభ్యులు కారు, భోజనమునకు కూర్చున్నవారు.

కావున చదువరులకు మా మనవి యింతే. మీ యింట ఎవరైనను, కొడుకుగాని కోడలుగాని, అల్లుడుగాని పదేండ్ల మనుమరాలుగాని, క్రొత్తపనికి చేయిసాచినపుడు, మొదటి మూడు పర్యాయములు చెడునని ముందుగానే యెంచుకొనుడు. అంతకు సరిపడ పిండిని తెచ్చి యుంచుడు. చెడినపుడు కలిసి కోసి చూచి కారణ మడుగుడు. "తగినంత" అనుటకు బదులు ఎంతయో చెప్పుడు. మగవాని ఇటుకను చూచి నవ్వగలిగినవారు కోడలి మెతుకును చూచియు అట్లే నవ్వగలిగిన, లేదా రెంటిని చూచియు మౌనముగా తినగలిగిన, ఆ యింట రొట్టె యెట్లు పొంగినను బాధ లేదు.